మూడు బైట్ల పంచాయితీ

బావా,

బోర్డు లేచింది. ముందు ఈ మాట చెప్పకపోతే ఉత్తరం సగంలో పడేసి ఫోన్ చేస్తావు. చేసి ఏమంటావో కూడా తెలుసు: "పాత విన్‌బాండ్ లైను కాపీ కొట్టి, ఐడీ మార్చేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అలా చెయ్యలేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు. నాకు ఏదీ తిన్నగా చెప్పడం రాదని నీకు కొత్తగా తెలియాలా?

ఇక్కడ కాలువలు కట్టేశారు. ఎండలు ముదిరాయి. నిడమర్రు వైపు మీ మావయ్య చెరువులో నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఇలాంటప్పుడే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఏరియేటర్లు వాటంతటవే తిరగాలంటే మన కంట్రోలర్ మెలకువగా ఉండాలి కదా. కొత్త లాటులో వచ్చిన బోర్డులు అసలు నిద్రే లేవలేదు.

సీరియల్ కేబుల్ తగిలించి చూశాను. కెర్నల్ కంటే ముందు లేచే యూబూట్ దర్జాగా వచ్చింది. వెర్షన్ చెప్పింది, ర్యామ్ ఎంతో చెప్పింది. ఆ వెంటనే "అన్‌రికగ్నైజ్డ్ జెడెక్ ఐడీ బైట్స్" అంటూ మూడు అంకెలు చూపించి, ఈ ఫ్లాష్ చిప్ ఎవరో నాకు తెలీదు పొమ్మంది. డీఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని ప్రాంప్ట్ దగ్గర చతికిలబడింది. తమాషా ఏమిటంటే, తను లేచి వచ్చిందే ఆ ఫ్లాష్‌లోంచి! పుట్టింట్లో పెట్టె సర్దుకుని బస్సెక్కి వచ్చి, ఆ ఊరెక్కడ అని అడిగినట్టుంది.

దీని గుట్టు నీకు తెలిసిందే. ప్రాసెసర్‌లోని బూట్ రోమ్‌కి చిప్ ఎవరిదైతే ఏం? 03 అనే పాతకాలపు రీడ్ కమాండ్ ఇచ్చి బైట్లు లాక్కుంటుంది. మన బోర్డులో మధ్యన ఎస్‌పీఎల్ అనే చిన్న లోడరు కూడా లేదు కనక యూబూట్ మొత్తం అలాగే దిగిపోతుంది. యూబూట్‌కి మాత్రం చదవడంతో సరిపోదు, చెరపాలి, రాయాలి. అందుకని 9ఎఫ్ కమాండ్‌తో ముందు నువ్వెవరివి అని అడుగుతుంది. చిప్ మూడు బైట్లు చెప్తుంది: తయారుచేసినవాడు, రకం, సైజు. విన్‌బాండ్ అయితే ఈఎఫ్ 40 18, గిగాడివైస్ అయితే సీ8 40 18. ఆఖరి 18 హెక్సాలో, అంటే 24. రెండుని అన్నిసార్లు హెచ్చవేస్తే 16 ఎంబీ. మన సప్లయరు పాత చిప్ దొరక్కపోయేసరికి చెప్పాపెట్టకుండా ఇంకోటి అంటించాడు. 40 18 అవే, మొదటి బైటే వేరు. మూడూ 00 గానీ ఎఫ్ఎఫ్ గానీ వచ్చుంటే సోల్డరింగ్ చూసుకునేవాణ్ణి. కొత్త వెర్షన్‌లో ఈ ఐడీ ఉందేమోనని వెతికాను, ఉంటే తెచ్చి అతికించుకోవడమే కదా. లేదు.

ఇక యూబూట్ చిప్‌ల పట్టికలో కొత్త లైను రాయాల్సిందే. పేరు, ఐడీ, 64 కేబీ సెక్టార్లు, అవి 256. ఇక్కడిదాకా పిల్లాడైనా రాస్తాడు. తంటా అంతా తర్వాతొచ్చే ఫ్లాగులతోనే. 4 కేబీ ముక్క విడిగా చెరుగుతుందని రాస్తే చెరిగి తీరాలి, పక్కది చెడకూడదు. అందుకని మూడు ముక్కల్లో తెలిసిన బైట్లు నింపి, మధ్యది ఒక్కటే 20 కమాండ్‌తో చెరిపి, వెనక్కి చదివి పోల్చాను. మధ్యన వరసగా ఎఫ్ఎఫ్‌లు, అటూ ఇటూ చెక్కుచెదరలేదు. ఆ ఫ్లాగు పెట్టాను. క్వాడ్ రీడ్ ఫ్లాగు పెట్టలేదు.

"డేటాషీటులో ఉందిగా!" అంటావు. ఉంది. కానీ మన బోర్డులో నాలుగు డేటా లైన్లూ కలిపి లేవు. కళ్ళతో చూడనిది ఉందని నేనెలా రాస్తాను? క్వాడ్ తెరిచే బిట్టు విన్‌బాండ్‌కి రెండో స్టేటస్ రిజిస్టర్‌లో ఉంటుంది, మాక్రానిక్స్‌కి మొదటిదాంట్లోనే, ఆరో బిట్టు. ఇందాక అన్నానే కాపీ కొట్టడమని, కొడితే ఇలాంటివన్నీ చూడకుండానే సాక్షి సంతకం పెట్టినట్టు. చిప్ తన సంగతులు తనే చెప్పుకునే ఎస్ఎఫ్‌డీపీ పట్టిక ఉంది కదా అని కూడా అంటావు. లినక్స్ కెర్నల్ ఆ దారి పట్టింది. మన దగ్గరున్న యూబూట్ మాత్రం ముందు ఐడీ వరస దొరికితేనే ఆ పట్టిక తెరుస్తుంది.

నువ్వు పదేపదే అడిగే 32 ఎంబీ చిప్ ఎందుకు వద్దంటానో కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడు బైట్ల అడ్రసుతో సరిగ్గా 16 ఎంబీ దాకానే చేరగలం. అది దాటితే నాలుగో బైటు కావాలి. కెర్నల్ చిప్‌ని నాలుగు బైట్ల మోడ్‌లో పెట్టి పనిచేసుకుంటుంది అనుకో. అర్ధరాత్రి వాచ్‌డాగ్ కొడుతుంది, ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, చిప్‌కి మాత్రం కరెంటు పోదు, అది అదే మోడ్‌లో ఉంటుంది. బూట్ రోమ్ మూడు బైట్లతో అడుగుతుంది, చిప్ నాలుగోదాని కోసం చూస్తుంది. అంతే, బోర్డు చచ్చినట్టే. ఎవరో వెళ్ళి మెయిన్ ఆపి వేస్తేగానీ లేవదు. చిప్‌కి రీసెట్ పిన్ ఉండి, బోర్డు మీద దాన్ని కలిపి ఉంటే ఫరవాలేదు. లేని బోర్డుల కోసమే లినక్స్ వాళ్ళు డివైస్ ట్రీలో "బ్రోకెన్ ఫ్లాష్ రీసెట్" అని ఓ గుర్తు పెట్టుకున్నారు. తెల్లవారుజామున చెరువు గట్టు మీదికి నువ్వొస్తావా బెంగుళూరు నుంచి?

యూబూట్ కోడు చరిత్ర తిరగేస్తుంటే ఒక పేరు తగిలింది: జగన్నాధ సూత్రధారుడు టేకి. ఇంటిపేరు చివర పెట్టినంత మాత్రాన తెలుగుతనం దాగుతుందా! వుల్ఫ్‌గాంగ్ డెంక్ 2000లో పీపీసీబూట్‌గా బయటపెట్టిన సరుకిది. అందులో విన్‌బాండ్‌కో ఫైలు, స్పాన్షన్‌కో ఫైలు, మాక్రానిక్స్‌కో ఫైలు, ఎవరి కుంపటి వాళ్ళదిగా ఉండేది. 2013లో ఈయన వాటన్నిటినీ ఒక్క పట్టిక కిందికి తెచ్చాడు. తర్వాత 2019లో ఆ చోట లినక్స్ కోడు వచ్చి కూర్చుందనుకో, అది వేరే కథ. కానీ నేను ఒక్క లైనుతో బయటపడ్డానంటే కారణం ఆ పట్టిక పద్ధతే.

ఆ లైను మన ఫోల్డర్లోనే దాచుకుందాం అంటావు, నీ సంగతి నాకు తెలీదా? అసలు యూబూట్ వాళ్ళకే, అప్‌స్ట్రీమ్‌కి పంపుతున్నాను. ఇదే చిప్ రేపు ఆకివీడులోనో ఉండిలోనో ఇంకెవడి బోర్డు మీదో దిగుతుంది, వాడూ ఓ రాత్రి ఆ మూడు అంకెలు చూస్తూ కూర్చోవాలా? పైగా యూబూట్ వెర్షన్ మార్చినప్పుడల్లా ప్యాచ్ మళ్ళీ అతికించే ఓపిక మనిద్దరిలో ఎవరికుంది చెప్పు. నీకైతే అసలు లేదు.

ఇప్పుడు నీ పని. మీ ఆఫీసు బోర్డులో నాలుగు లైన్లూ కలిపి ఉన్నాయని పోయినసారి గొప్పలు చెప్పావు గుర్తుందా? ఈ కవర్లో రెండు చిప్‌లు పెట్టాను. ఒకటి వేసి, క్వాడ్‌లో చదివి, మామూలు రీడ్‌తో పోల్చి చూడు. సరిగ్గా వస్తే ఆ ఫ్లాగు ఇంకో ప్యాచ్‌గా నువ్వే పంపు, నీ సంతకంతో. రాకపోతే ఏ బైటు దగ్గర తేడా వచ్చిందో రాసి పంపు, "పనిచెయ్యలా" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు.

నీ
బావ