గాం అన్నదమ్ముల ఊరి దారిలో

విశాఖ నుంచి నర్సీపట్నం దాకా బస్సులో నిద్రపోయాను కాబట్టి ఆ దారి గురించి చెప్పడానికేమీ లేదు. అబీద్ సెంటర్‌లో దిగి, ఇడ్లీలోకి వేసిన అల్లం చట్నీ ఘాటుకి ముక్కు చీదుకుంటూ కృష్ణదేవిపేట ఆటో ఎక్కాను. నలుగురు కూర్చునే చోట అంతమందిని ఎలా సర్దుతారో ఆ డ్రైవర్లకే తెలియాలి.

కృష్ణదేవిపేటలో దండలూ సెల్ఫీలూ అన్నీ అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గరే. నేను వెళ్లింది గాం గంటందొర సమాధి కోసం. "ఇదెవరిదండీ?" అని ఓ కాలేజీ కుర్రాడు నన్నే అడిగాడు. మొదలుపెట్టాను గానీ, ఇంతలో ఫొటోకి రమ్మని స్నేహితులు కేకేశారు. అతనికి చెప్పాల్సిన మిగతా కథ ఇది.

గంటందొర బట్టిపనుకుల ముఠాదారు, అంటే కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్న పెద్ద. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చలవతో ముఠాదారీ పోయింది, భూమీ పోయింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించినదీ ఈ బాస్టియనే. ఆరణాలు కూలి అని చెప్పి రెండణాలు చేతిలో పెట్టేవాడు. ఇంక పితూరీ లేవక ఏమవుతుంది? గంటందొరా, తమ్ముడు మల్లుదొరా రాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు కొట్టారు. 26 తుపాకులు దొరికాయి. పట్టుకెళ్లిన వాటికి లెక్క రాసి మరీ వెళ్లారు. దోపిడీ దొంగలని రాసుకున్న దొరలకి ఆ లెక్క ఎలా మింగుడుపడిందో!

1923లో మల్లుదొర దొరికిపోయి అండమాన్ చేరాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చేశారు. నెల తిరిగేసరికి గంటందొరనీ చంపేశారు. ఒకే ఇంట్లో ఒకరికి తుపాకి గుండు, ఒకరికి ద్వీపాంతరం. ఆ ద్వీపాంతరం వెళ్లొచ్చిన తమ్ముడే 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఇండిపెండెంట్‌గా గెలిచాడు. ముందే ఈ ముక్క చెప్పి ఉంటే కుర్రాడు ఆగేవాడేమో. 2022 జూలై 4న భీమవరంలో అల్లూరి విగ్రహం ఆవిష్కరించిన ప్రధాని, మల్లుదొర కొడుకునీ సన్మానించారు.

సాయంత్రం నర్సీపట్నంలో స్కాట్ కవర్డ్, హైటర్ సమాధులు వెతుక్కున్నాను. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఈ ఇద్దరు తెల్ల అధికారులనీ రాజు దళం మాటువేసి కూల్చింది. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఏడ్చే ఉంటారు. అలా అని నాకు గంటందొర మీద కోపం రాలేదు. వాళ్లు కొండెక్కింది జీతానికి, గంటందొర తుపాకి పట్టింది తన భూమి కోసం.

మర్నాడు లంబసింగి. మంచు చూడ్డానికొచ్చిన కార్లు బాస్టియన్ రోడ్డు మీద బారులు తీరాయి. హారన్లు మోగిస్తూనే ఉన్నారు, మంచేదో పక్కకి తప్పుకుంటుందన్నట్టు.