నాలుగు ఛానళ్ల హిసాబ్

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. సగం కోపంతో, సగం సిగ్గుతో రాస్తున్నాను. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

మా దుకాణం రామతీర్థంలో గుడికి వెళ్లే దారిలో ఉంది. గాజులు, బొట్టు పెట్టెలు, పిల్లల బొమ్మలు అమ్ముతాం. శ్రీరామనవమికీ శివరాత్రికీ నాలుగు రాళ్లు వెనకేసుకుంటే మిగతా రోజులు ఆ బర్కత్ మీదే గడుస్తాయి. పది రూపాయల గాజులకు కూడా బేరమాడే ఊరిది. అలాంటి చోట కూర్చునే మనిషికి ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా హిసాబ్ చెప్పాలి. కేబుల్ టీవీకి మాత్రం ఆ హిసాబ్ అడిగే హక్కు మనకు లేదట.

మొన్న రంజాన్‌కి ముందు నెల, ఒకటో తారీఖున కేబుల్ కుర్రాడు దుకాణానికి వచ్చాడు. ఎప్పుడూ ఇచ్చే మూడొందలు తీసి ఇచ్చాను. తీసుకోలేదు.

"మూడొందల ఏభై భాయ్ గారూ."

"ఎందుకురా?"

"నాకేటి తెల్సు. పైనోలు పెంచేసినారు. నా కాడ మీట నేదు."

"పైనోళ్లంటే ఎవరు? పేరు చెప్పు."

వాడు నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. "అయితే తీసేయ్ కనెక్షన్" అనేశాను. గిరాకీల ముందు, గట్టిగా. వాడు ఒక్క క్షణం చూసి, "మామ్మగారికి చెప్పినారా?" అనడిగాడు. "నీకెందుకు?" అన్నాను.

అమ్మీ గురించి చెప్పాలి. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఖురాన్ చదువుతుంది కానీ తెలుగు అక్షరం రాదు. రెండు కళ్లకీ శుక్లాలు తీయించాం. మోకాళ్లు వంగవు, నమాజ్ కుర్చీలోనే. మగ్రిబ్ అయ్యాక తస్బీ చేత్తో పట్టుకుని టీవీ ముందు కూర్చుంటే ఇషా దాకా అక్కడే ఉంటుంది. సీరియల్లో అత్తని బద్దువా పెడుతుంది, కోడలికి దువా చేస్తుంది.

మా ఇంటికి టీవీ వచ్చింది అబ్బా నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే రోజుల్లో. బ్లాక్ అండ్ వైట్, వాయిదాల మీద తెచ్చారు. అంతకుముందు 1988లో దూరదర్శన్లో గుల్జార్ 'మీర్జా గాలిబ్' వస్తుంటే అబ్బా, అమ్మీ పక్క వీధి వాళ్ల కిటికీ దగ్గర నిలబడి చూశారట. నసీరుద్దీన్ షా గాలిబ్‌లా నడిచి వస్తుంటే అబ్బా కళ్లు తుడుచుకున్నారని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. కిటికీ అవతల నిలబడడం ఆమెకు నామోషీ. ఆ నామోషీ కోసమే టీవీ కొన్నారు. తర్వాత చెట్ల మీద నుంచి నల్ల తీగ వచ్చింది. జెమిని, ఈటీవీ 1995లో మొదలైతే మా ఇంటికి చేరేసరికి మరో మూడు నాలుగేళ్లు. నెలకి అరవై రూపాయలు. గాలొస్తే తీగ తెగేది, కేబుల్ అతనే నిచ్చెన వేసుకుని వచ్చేవాడు, టీ తాగి పోయేవాడు. డబ్బులు లేకపోతే "వచ్చే నెల ఇద్దురులే" అనేవాడు. మిల్లు మూసిన నెలల్లో అబ్బా అలా ఎన్నిసార్లు అనిపించుకున్నారో.

పల్లెటూళ్లలో కూడా 2017 మార్చి 31 నాటికి పాత పద్ధతి ఆపేసి డబ్బాలు పెట్టాలని సర్కారు హుకుం. పెట్టాం. డబ్బా వచ్చాక "వచ్చే నెల ఇద్దురులే" అన్న మాట పోయింది. తారీఖు దాటితే డబ్బా తనంతట తనే మూగదైపోతుంది. దాంతో బతిమాలుకునే వీలు లేదు.

2019లో ట్రాయ్ వాళ్లు కొత్త రూల్స్ అమల్లోకి తెచ్చారు. చూసే ఛానల్‌కే డబ్బు కట్టండి అన్నారు. నేను చాలా ఖుష్ అయ్యాను. నిజంగా ఇన్సాఫ్ వచ్చిందనుకున్నాను. వంద ఛానళ్ల దాకా తీగ కిరాయి 130 రూపాయలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఆ పైన మనక్కావలసినవి విడివిడిగా. అప్పట్లో జెమిని 19, మా టీవీ 19, జీ తెలుగు 19, ఈటీవీ 17. మొత్తం 74. టాక్సుతో 87 రూపాయల 32 పైసలు. రెండూ కలిపితే 240 రూపాయల 72 పైసలు. డీడీ ఉర్దూ ఉచితం. దుకాణం బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి ఈ నాలుగు పేర్లూ రాసి కుర్రాడి చేతికిచ్చాను. అమ్మీ చూసేవి అవే కదా అని నేనే రాసేశాను.

వాడు ఆ చీటీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి నెల వచ్చింది ప్యాకే. విడిగా నొక్కితే సిస్టమ్ తీసుకోవట్లేదన్నాడు. ప్యాక్‌లో తెలుగు నాలుగుతో పాటు మాకు అక్కర్లేనివి బోలెడు. ఉల్లిపాయలు అడిగితే బస్తా గుమ్మంలో దింపిపోయినట్టు. కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, ఇంకో తొమ్మిది నొక్కమంది. చివరికి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. రెండు రోజులకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో ఆ అల్లాకే ఎరుక.

2023 శివరాత్రి మరచిపోలేను. ఫిబ్రవరి 18. జాతర జనంతో దుకాణంలో ఊపిరాడ్డం లేదు. ఇంటి నుంచి అమ్మీ ఫోను. "క్యా రే బేటా, టీవీ మర్ గయా క్యా?" చచ్చిపోలేదు. పెద్ద పెద్ద బ్రాడ్‌కాస్టర్లు, కేబుల్ కంపెనీలు కొత్త రేట్ల మీద కొట్లాడుకున్నారు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టని కంపెనీలకు ఛానళ్లు ఆపేశారు. మాకు సిగ్నల్ ఇచ్చే కంపెనీ ఆ సంతకం పెట్టని వాళ్లలో ఒకటి. దేశం మొత్తమ్మీద నాలుగున్నర కోట్ల ఇళ్లకు ఆగిపోయాయని కేబుల్ కంపెనీల సంఘం చెప్పింది. కొద్ది రోజులకు రాజీ అయ్యారు, ఛానళ్లు వచ్చాయి. ఆ రోజుల డబ్బు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. 2024 జులైలో ఆ 130 రూపాయల కిరాయి మీద ఉన్న హద్దు కూడా ట్రాయ్ తీసేసింది. పోటీ ఉంది కాబట్టి కంపెనీలే రేటు పెట్టుకోవచ్చట. మా వీధిలోకి వచ్చేది ఒక్కటే తీగ. పోటీ ఎవరితోనో!

సరే, కనెక్షన్ తీసేయమన్నాను కదా. తీసేశాడు. వైజాగ్‌లో ఉండే మా అబ్బాయి "ఫోన్లో చూపించండి అబ్బా" అన్నాడు. చూపించాను. అమ్మీ ఆ ఫోన్‌ని అద్దంలా దూరం పెట్టీ దగ్గర పెట్టీ చూసి, "జానే దే బేటా" అని ఇచ్చేసింది. తస్బీ తిప్పుకుంటూ మంచం మీద కూర్చుంది. నేను జిద్దు మీదున్నాను. యాభై రూపాయల గురించి కాదు, జబర్దస్తీ గురించి అని బీబీకి ఉపన్యాసం ఇచ్చాను. ఆమె విని, "ఉపన్యాసం బాగుంది, అమ్మీకి కూడా వినిపించండి" అంది.

పదకొండో రోజు. దుకాణం కట్టేసి ఇంటికొస్తే మంచం ఖాళీ. పక్కింటి పిన్ని వాళ్ల అరుగు మీద, కిటికీ ఊచలు పట్టుకుని అమ్మీ నిలబడి ఉంది. లోపలికి రమ్మని పిన్ని పిలుస్తూనే ఉందట. "నై నై, ఇదర్‌హిచ్ ఠీక్ హై" అంటోందట. వంగని మోకాళ్లతో, కర్ర గోడకి ఆనించి. నన్ను చూసి చున్నీ సర్దుకుని, "హవా కే లియే ఆయీ" అంది, గాలి కోసం వచ్చానని.

ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

పొద్దున్నే కుర్రాడికి ఫోన్ చేశాను. వాడు వచ్చి గడప మీద కూర్చున్నాడు. టీ ఇస్తే అప్పుడు చెప్పాడు తన హిసాబ్. విడిగా ఒప్పందం లేకపోతే రూల్ ప్రకారం తీగ కిరాయిలో కంపెనీకి యాభై అయిదు వంతులు, ఆపరేటర్‌కి నలభై అయిదు. అంటే ఆ పాత నూట ముప్ఫైలో వాళ్ల చేతికొచ్చేది యాభై ఎనిమిదిన్నర. అందులోనే తీగ, కరెంటు, స్తంభాలెక్కే మనిషి కూలి. "సగం మంది ఫోన్లకి పోయినారు భాయ్ గారూ. రేటు పెంచితే నన్నే తిడతారు, తీగ తెగితే నన్నే తిడతారు. పైనోలు నాకూ కనపడరు" అన్నాడు. గిరాకీల ముందు వాణ్ని అరిచినందుకు మాఫీ అడగాలనుకున్నాను. నోరు రాలేదు. ఇంకో టీ పోయించాను.

వాడే దారి చెప్పాడు. నెల్లిమర్లలో వాళ్ల ఓనర్ కంప్యూటర్ ఉంది, అందులోంచి విడిగా పెట్టొచ్చేమో చూద్దామన్నాడు. బండి మీద ఇద్దరం వెళ్లాం. గంటన్నర కూర్చుని ప్యాక్ తీసేసి, ఛానళ్లు ఒక్కొక్కటే ఎక్కించాం. రెండుసార్లు సిస్టమ్ వెనక్కి కొట్టింది, మూడోసారి ఒప్పుకుంది. మొత్తం 285. ఆరేళ్ల కిందటి చీటీకి అప్పటికి మోక్షం దొరికింది. తిరిగొస్తుంటే బండి వెనక ఈల వేసుకుంటూ కూర్చున్నాను, నా వయసుకి తగని పనే.

ఆ సాయంత్రం మగ్రిబ్ అయ్యాక అమ్మీ కుర్చీ జరుపుకుని కూర్చుంది. సీరియల్ చూసింది, అత్తని తిట్టింది. యాడ్స్ రాగానే రిమోట్ తీసుకుని వేలితో లెక్కపెట్టుకుంటూ నొక్కడం మొదలుపెట్టింది. నొక్కుతూనే ఉంది.

"బేటా, వో హాథీ వాలా కిధర్ గయా?"

ఏనుగుల ఛానలట. ఇంగ్లీషులో ఏదో మాట్లాడుతుంటారట, అది అక్కర్లేదట, సౌండ్ ఆపేసి చూస్తుందట. పులి వస్తే బిస్మిల్లా అంటుందట. ఇన్నేళ్లూ రోజూ చూస్తోందట. ఎవరూ చూడని ఛానళ్లకు డబ్బు గుంజుతున్నారని నేను కంపెనీతో, కుర్రాడితో, బీబీతో వాదించిన లిస్టులో అదే మొదటి పేరు.

కుర్రాడికి ఫోన్ చేశాను. "ఆ ఏనుగులదెంతరా?" అన్నాను. వాడు చాలాసేపు నవ్వాడు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు. "రేపు పొద్దున బండి తీయండి భాయ్ గారూ" అన్నాడు.