దోషం వెదికే విద్య

గ్రంథానికి అర్థం ప్రాణమైతే అక్షరం శరీరం. శరీరం రుగ్ణమైతే ప్రాణశక్తి ఎంతటిదైనా లోకానికి వెల్లడి కాదు. మన పూర్వులు ఈ సత్యాన్ని ఎరిగినవారు. తాటాకుపై గంటంతో రాసే లేఖకుడు ఒక్క అక్షరం జారవిడిస్తే, ఆ ప్రతిని చూసి రాసుకొన్న వారందరూ ఆ లోపాన్ని తరతరాలుగా మోయవలసి వచ్చేది. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించడం ఈ బాధ తీర్చడానికే. పాఠపరిష్కరణ అనే ఆ విద్య నా పరిశోధనకు పునాది. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు కూడా అదే విద్య అక్కరకు వస్తుందని నాకు తెలియజెప్పినది లేటెక్.

లేటెక్ అంటే శాస్త్రవ్యాసాలను, గ్రంథాలను అచ్చుకు అనువుగా కూర్చిపెట్టే సాధనం. దీనికి మూలం టెక్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ నూత్ 1977లో తన గ్రంథం రెండవ సంపుటి కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అక్షరాల వికారానికి మనసు కష్టపెట్టుకొన్నాడు. ఇతరులను నిందిస్తూ కూర్చోక, అచ్చుకూర్పు సాధనాన్ని తానే నిర్మించడానికి పూనుకొన్నాడు. స్వల్పకాలంలో ముగుస్తుందనుకొన్న పని పదేళ్లకు పైగా సాగింది. టెక్ అనే పేరుకు ఆధారం కళ, నైపుణ్యం అనే అర్థాలున్న గ్రీకు పదం. తన రచనలో దోషం చూపినవారికి నూత్ పారితోషికం చెక్కు పంపేవాడు. తప్పు చూపినవారిని ఆదరించే ఆ గుణం పండిత లక్షణం. తరువాత 1980లలో లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద సులభమైన ఆదేశాలు కల్పించి లేటెక్‌ను రూపొందించాడు. నేడు గణిత, భౌతిక శాస్త్ర పత్రాలు అధికభాగం దీనిలోనే సిద్ధమవుతున్నాయి.

ప్రబంధాలు చదువుకొన్న నాకు దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. 2018లో నా పూర్వ విద్యార్థిని ఒకతె ప్రబంధాలలోని ఛందోవైవిధ్యంపై రాసిన సిద్ధాంత గ్రంథంతో మా ఇంటికి వచ్చింది. ఆరేళ్ల శ్రమ అది. పాతకాలపు ఫాంటులో టైపు చేయించిన ఆ రచన మరొక కంప్యూటరులో తెరిస్తే పొంతనలేని ఆంగ్లాక్షరాల గుంపుగా కనిపిస్తున్నది. సమర్పణకు మిగిలినది ఇరవైరెండు రోజులు. గడువు దాటితే నమోదు రద్దవుతుంది. "మాస్టారూ, పద్యాలన్నీ నాకు కంఠస్థమే. కాని కంఠంలో ఉన్నదానికి పట్టా ఇవ్వరు కదా!" అన్నదామె. ఆ మాటలోని నవ్వు వెనుక దుఃఖం నాకు వినబడింది.

మా కళాశాలలోని గణితోపన్యాసకుడు లేటెక్ మార్గం చూపాడు. ముందుగా రచననంతా యూనికోడ్‌లోకి మార్చి, ఆమె పుటపుటా సరిచూసుకొన్నది. తరువాత మేము ముగ్గురం కలిసి ఒక మూస తయారుచేశాం. మూస అంటే టెంప్లేటు. గ్రంథం ఏ పరిమాణంలో ఉండాలి, అంచులెంత, శీర్షికలెలా ఉండాలి, పద్యం ఎక్కడ మొదలుకావాలి అనే నియమాలన్నీ దానిలో ఒక్కచోట ఉంటాయి. రచయిత ఇది అధ్యాయం, ఇది పద్యం, ఇది పాదసూచిక అని చెబితే చాలు; రూపం మూస చూసుకొంటుంది. ఆ గ్రంథంలో నాలుగు వందలకు పైగా పద్యాలున్నాయి. వాటన్నిటి అంచును మార్చాలంటే మూసలో ఒక్క సంఖ్య మార్చాం. సూత్రం ఒకటి, లక్ష్యాలు అనేకం. వ్యాకరణం చదివినవానికి ఇది కొత్త సంగతి కాదు.

అయితే మూస కుదరడం అంత సులభంగా జరగలేదు. మొదటిసారి కూర్చినప్పుడు తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు వచ్చాయి. సంప్రదాయ లేటెక్‌కు తెలుగు ఫాంట్లు తెలియవు. యూనికోడ్‌ను, కంప్యూటరులోని ఫాంట్లను నేరుగా గ్రహించే జీలేటెక్‌ను ఆశ్రయించి, పెద్దన అనే ఫాంటును ఎంచుకొన్నాం. ప్రబంధ పరిశోధనకు ఆ పేరు శుభసూచకమనిపించింది. గళ్లు పోయాయి గాని వత్తులు విడిపోయాయి. క్షకారం ముక్కలై, ప్రతి సంయుక్తాక్షరం నడుమ పొల్లు నిలబడింది. ఫాంటును పిలిచేచోట లిపి తెలుగు అని ప్రత్యేకంగా ప్రకటించాలి. అప్పుడే అక్షరాలను జోడించే నియమాలు మేలుకొంటాయి. ఆ ఒక్క మాట చేర్చగానే వత్తులు తమ తమ స్థానాలలో ఒదిగిపోయాయి. ఆమె కళ్లలో వెలుగు అప్పుడు చూశాను.

రెండవ చిక్కు దీర్ఘసమాసాలది. పంక్తి అంచు దాటి అవి బయటికి పొడుచుకొని వచ్చాయి. ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్ అని యంత్రం హెచ్చరించింది. గ్రంథభాష తెలుగు అని మూసలో చెప్పగానే, పదాన్ని ఎక్కడ విరవవచ్చునో తెలిపే సూత్రాలు అమలులోకి వచ్చాయి. అక్షరాన్ని చీల్చక, అక్షరానికీ అక్షరానికీ నడుమ మాత్రమే విరిచే పద్ధతి అది. పద్యాన్ని గణాలుగా విడదీసేటప్పుడు మనం పాటించే మర్యాద కూడా అదే.

మూడవ దోషం ఒక బ్రాకెట్టు మూయకపోవడం. యంత్రం చూపిన పంక్తిలో ఏ లోపమూ లేదు. దోషం జరిగినచోటు వేరు, అది బయటపడినచోటు వేరు. రోగం ఒకచోట, నొప్పి మరొకచోట అన్నట్లు. అప్పుడు గణితోపన్యాసకుడు గ్రంథంలో సగాన్ని పక్కనపెట్టి తక్కిన సగాన్ని కూర్చి చూశాడు. అది సరిగా వచ్చింది. కనుక దోషం పక్కనపెట్టిన సగంలో ఉన్నది. ఆ సగాన్ని మళ్లీ రెండు చేశాడు. పదిసార్లు ఇలా చేస్తే వేయి పంక్తులలోనైనా దోషమున్న పంక్తి దొరుకుతుంది. ఊహతో అన్నిచోట్లా చేయిపెట్టేవాడు కొత్త దోషాలను సృష్టిస్తాడు. క్రమంగా వెదికేవాడు పాత దోషాన్ని పట్టుకొంటాడు.

అన్నిటికంటె భయంకరమైనది నాలుగవది. అది నోరు విప్పని దోషం. ఏ వృత్తం ఎంత శాతమో వివరించే అధ్యాయంలో ఆమె శాతపు గుర్తు వాడింది. లేటెక్ ఆ గుర్తు తరువాత పంక్తిలో ఉన్నదంతా రచయిత తనకోసం రాసుకొన్న గమనికగా భావించి వదిలివేస్తుంది. హెచ్చరిక రాలేదు. పుట నిండుగా, అందంగానే వచ్చింది. వాక్యాలు మాత్రం మాయమయ్యాయి. ఆమె తన చేతిరాత ప్రతితో పోల్చి చదువుతుండగా అది బయటపడింది. గుర్తుకు ముందు వెనకవాలు గీత చేరిస్తే చిక్కు తీరిపోయింది. పోల్చి చదవకపోతే ఆరేళ్ల పరిశోధనకు గుండెకాయవంటి గణాంకాలు లేకుండానే గ్రంథం పరీక్షకుల చేతికి వెళ్లేది. యంత్రం రూపాన్ని కాపాడగలదు. అర్థాన్ని కాపాడవలసినవాడు మనిషి.

గడువుకు మూడురోజుల ముందే గ్రంథం సమర్పించింది. పట్టా పొందిన తరువాత ఆ మూసను తన తరువాతి పరిశోధకులకు ఉచితంగా ఇచ్చింది. టెక్‌ను నూత్ లోకానికి ఉచితంగానే ఇచ్చాడు. మేము వాడిన పెద్దన ఫాంటు సైతం వెల లేకుండా లభించినదే. విద్యాదానం అంటే పాఠం చెప్పడం మాత్రమే కాదు. వెనుక వచ్చేవారికి దారి సుగమం చేయడం కూడా.

మీలో అనేకులు రేపు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు అవుతారు. పరిశోధన పత్రాలు రాస్తారు. మొదటిరోజే మూసను సిద్ధం చేసుకోండి. ఒక్కొక్క అధ్యాయం రాయగానే కూర్చి చూడండి. వంద పుటలు పోగుపడేదాకా ఆగకండి. పుటసంఖ్యల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తే కలవరపడక మరొకసారి కూర్చండి. మొదటిసారి యంత్రం సంఖ్యలను రాసిపెట్టుకొంటుంది, రెండవసారి వాటిని చదువుకొంటుంది. దోషాలు అనేకం కనిపించినప్పుడు మొదటిదాన్ని ముందు సరిచేయండి. తక్కినవి చాలావరకు దాని సంతానమే. అన్నీ కుదిరిన తరువాత, తెరమీద కాక కాగితం మీద, ఒకరు చదువుతుండగా మరొకరు మూలంతో సరిచూడండి.

దోషం అవమానం కాదు. వెదకకుండా వదిలిన దోషమే అవమానం. తాటాకు నాడు గాని, తెర నాడు గాని అక్షరాన్ని నమ్ముకొన్నవానికి ఈ నియమం మారలేదు.