నోరు జారితే సమోసాలు

ఏమండోయ్, ఆదివారం సాయంత్రాలు ఏం చేస్తుంటారు మీరు? టీవీ ముందు కూర్చుని పల్లీలు నములుతుంటారా? నేనైతే మా సికింద్రాబాదులో ఓ ఇరానీ హోటల్లో, మూల బల్ల దగ్గర, నోరు కట్టేసుకుని కూర్చుంటాను. నవ్వకండి. మా ఆయనా ఇలాగే నవ్వారు. "నువ్వా? రెండు గంటలా? నోరు మూసుకునా?" అని మూడు ప్రశ్నలూ విడివిడిగా అడిగారు. పైగా ఆ హోటలాయనకి దండ వేసొస్తానన్నారు.

అక్కడ పది పన్నెండు మందిమి చేరతాం. సగం మంది వినబడనివాళ్లు, సగం మంది నాలాంటి వినేవాళ్లు. సైన్ లాంగ్వేజీ నేర్చుకుందామని మేమొస్తాం. మా తప్పులు చూసి నవ్వుకుందామని వాళ్లొస్తారు. బడి కాదు, సంఘం కాదు, హాజరు పట్టీ లేదు. రూలంటే ఒక్కటే. కూర్చున్నాక గొంతు విప్పకూడదు. ఎవరి నోరు జారితే వాళ్లు ఆ పూట బల్లందరికీ ఉల్లి సమోసాలు పెట్టించాలి. "అయ్యో" అన్నా లెక్కే. మొదటి నెలంతా నేను పెట్టించిన సమోసాలతో ఓ చిన్న పెళ్లి చేసెయ్యొచ్చు. వాళ్లకి వినబడదు కదా, ఎవరు పట్టుకుంటారు అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. పెదవి ఇంత కదిలితే చాలు, బల్ల అవతలి నుంచి ఓ వేలు లేస్తుంది. ఆ వేలు నేరుగా సమోసాల ట్రే వైపు తిరుగుతుంది.

ఇంతకీ వాళ్ల పేర్లేమిటంటారా? చెప్పలేను. దాచిపెట్టడం కాదండీ, అవి కాగితం మీద పట్టవు. ఒకాయన పేరు చెంప మీద సొట్ట. ఒకమ్మాయి పేరు చెవి పక్కన వేలితో తిప్పే గిరజాల ఉంగరం. ఇంకో కుర్రాడిది కనుబొమ మీది గాటు, సైకిల్ మీంచి పడ్డప్పటిది. పేరు మనం పెట్టుకుంటే చెల్లదు, వాళ్లు పెట్టాలి. నేను మాత్రం వారాల తరబడి ఆశగా కాచుకున్నా. నా జడ చూసి పెడతారనుకున్నా, నా నవ్వు చూసి పెడతారనుకున్నా. తీరా చూస్తే ఏం పెట్టారో తెలుసా? జారిపోయే కళ్లజోడుని ఒంటి వేలితో పైకి తోసుకోవడం! రోజుకి నూరుసార్లు అలా చేస్తానట. మొహమాటమన్నది ఎరగరు వీళ్లు. లావయితే లావయ్యావనీ, జుట్టు నెరిస్తే నెరిసిందనీ చేత్తో తేల్చేస్తారు. అలిగానా? ఓ పావుగంట అలిగాను. ఆ అలకని కూడా ఎవరో అచ్చం నాలాగే చేసి చూపించారు.

మన దేశపు సైన్ లాంగ్వేజీలో మగ అంటే మీసం, ఆడ అంటే ముక్కుపుడక. ఎంత బావుందో చూడండి! మీసం చోట చెయ్యి పెట్టి, తోబుట్టువు గుర్తు కలిపితే అన్నో తమ్ముడో. ముక్కు పక్కన వేలు పెట్టి అదే గుర్తు కలిపితే అక్కో చెల్లెలో. మీసానికీ ముక్కుపుడకకీ మధ్య దూరం ఎంత, వేలెడు కూడా లేదు. నేను మా అక్కయ్య గురించి పదినిమిషాలు చెప్పా. అక్కయ్య కాన్పు, అక్కయ్య పట్టుచీర, అక్కయ్య పెట్టే ఆవకాయ. అందరూ కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే నా ధాటికి మురిసిపోయా. చివర్లో సొట్టబుగ్గాయన నెమ్మదిగా అడిగాడు. "మీ అన్నయ్యకి మగపిల్లాడా, ఆడపిల్లా?" అని.

ఆ రోజు నవ్వుకి బల్ల మీద టీలు ఒలికాయి.

అలాగని కష్టమనుకోకండి. మన తెలుగువాళ్లకి ఇందులో ఓ కలిసొచ్చే బేరం ఉంది. ఇంగ్లీషులో ప్రశ్న మాట ముందొచ్చి కూర్చుంటుంది కదా. ఈ భాషలో అది చివరికొస్తుంది. నీ పేరు ఏమిటి, నీ ఊరు ఎక్కడ. అచ్చం మన వరసే! లేదు, కాదు, వద్దు కూడా చివరికే. "ఆయన డాక్టరు" అంటే సరిపోతుంది, మధ్యలో ఇంగ్లీషువాడి "ఈజ్" అక్కర్లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు తడబడుతుంటే నేను కాలర్ ఎగరేశా. చీరకి కాలరుండదు లెండి, అయినా ఎగరేశా. డుమువులు ప్రథమా విభక్తి అంటూ బట్టీ పట్టిన వాళ్లకి ఇంకో శుభవార్త, ఇక్కడ విభక్తులు లేవు. "ఇవ్వడం" అనే గుర్తు నా నుంచి మీ వైపు వెళితే నేను మీకిచ్చినట్టు, మీ నుంచి నా వైపొస్తే మీరు నాకిచ్చినట్టు. అంతే!

అంతే అన్నాను గానీ, ఇక్కడే నా కొంప మునిగింది. కథలో మనుషుల్ని గాలిలో తలో చోటా నిలబెట్టాలి. తర్వాత ఆ చోటుకి వేలు చూపిస్తే ఆ మనిషన్నట్టు. మా అత్తగారిని కుడిపక్కన నిలబెట్టా, పాలవాణ్ణి ఎడమపక్కన. జోరులో పడి ఎవరెక్కడున్నారో మర్చిపోయా. కథ ముగిసేసరికి పాలవాడు మా అత్తగారికి డబ్బులు బాకీపడ్డాడు, అత్తగారేమో గేదెని పిండేస్తున్నారు. మా అత్తగారికి ఇది చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.

చేతుల సంగతే చెబుతున్నా గానీ అసలు పని మొహానిది. అవునా కాదా అని అడగాలంటే కళ్లు పెద్దవి చేసి తల కాస్త ముందుకి వంచాలి. ఏమిటి, ఎవరు అని అడగాలంటే గడ్డం పైకెత్తాలి. ఇది వ్యాకరణమండీ, నటన కాదు. మొహం బిగించుకుంటే ప్రశ్న ప్రశ్నే కాదు. మా గుంపులో ఓ బ్యాంకు మేనేజరున్నాడు. పాతికేళ్లు లోను అడిగినవాళ్లకి చూపించిన మొహం, పాపం, ఎటూ కదలదు. నాలుగు వారాలు మసాజు చేసినట్టు బతిమాలితే ఒక కనుబొమ లేచింది. బల్లందరం చేతులు పైకెత్తి గాల్లో గలగలలాడించాం, అదీ వాళ్ల చప్పట్లు.

ఇది భాషే కాదు, ఉత్త సైగలని పెద్దపెద్ద చదువులవాళ్లూ చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో బధిరుల కాలేజీలో ఇంగ్లీషు చెప్పే విలియం స్టోకీ 1960లో, కాదయ్యా, దీనికీ మాటల కట్టుబడి ఉంది అని విడదీసి చూపించాడు. తోటి పంతుళ్లే ఆయన్ని వింతగా చూశారట. మన దగ్గర ఆ పని మొదలుపెట్టినవాళ్లలో మదన్ వశిష్ఠ ఉన్నారు. హిమాచల్ పల్లెలో పుట్టి, పదకొండేళ్లకి వినికిడి పోయి, ఆ అమెరికా కాలేజీకే వెళ్లి చదువుకున్న మనిషి. 1970లలో ఇద్దరు సహచరులతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల భాష పోల్చి చూశారు. ఊరూరికీ మాటలు కొన్ని మారినా లోపలి కట్టుబడి ఒకటేనని తేల్చారు. అంటే మన సొరకాయ, ఆనపకాయ తగాదా అన్నమాట! మా బల్ల మీదా అదే రభస. ఢిల్లీలోని సంకేత భాషా కేంద్రం 2018లో 3,000 మాటలతో వీడియో నిఘంటువు తెచ్చింది, 2021కి అది 10,000 అయింది. నేను శ్రద్ధగా ఫోన్లో చూసి ఓ గుర్తు నేర్చుకొస్తానా, గిరజాల పిల్ల పెదవి విరుస్తుంది. "ఇక్కడ అలా అనం" అంటుంది. నేను ఫోను చూపిస్తా. తను ఫోను వైపైనా చూడదు.

అక్షరాలు పేర్చడమంటే ఇంగ్లీషు అక్షరాలే. బ్రిటిష్‌వాళ్లలా రెండు చేతులతో. అమెరికా వాళ్లకి ఒక్క చెయ్యి చాలు, మనకి చాలదు, మనమెప్పుడూ అంతే. గోంగూర ఎలా చెబుతారు మరి? జీ, ఓ, ఎన్, జీ... నేను కుస్తీ పడుతుండగానే సొట్టబుగ్గాయన ఓ ఆకు తుంపినట్టు చేసి, నాలిక మీద పెట్టుకున్నట్టు చేసి, ఒక కన్ను మూసి మొహమంతా ముడిచాడు. నా నోట్లో నీళ్లూరాయి. ఏ కవి రాసిన గోంగూరకీ అలా ఊరలేదు.

ఇంకో మాట. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అనే సామెత ఒకటుంది కదా మనకి. ఆ మధ్య ఓ రోజు దాన్ని వాళ్లకి విప్పి చెప్పా, బెరుగ్గానే. గాటు కుర్రాడు కాసేపు ఆలోచించి, శంఖమూదేవాణ్ణి చేసి చూపించాడు. ఉబ్బిన బుగ్గలు, తేలేసిన కళ్లు, మెడ మీద నరాలు. మీరు చప్పుడు వింటూ ఇదంతా చూడకుండా పోయారు కదా అన్నాడు. ఏం జవాబు చెప్పను?

వాళ్లకున్న సౌఖ్యాలు చూస్తే నాకు అసూయ. నోటినిండా బిస్కట్టు పెట్టుకుని మాట్లాడొచ్చు, ఎవరూ మర్యాద తెలీదనరు. వంటగదిలో మిక్సీ తిరుగుతున్నా మాట ఆగదు. రోడ్డు అవతలి మనిషితో ఇంటి సంగతులు చెప్పుకోవచ్చు. గుసగుసలూ ఉన్నాయి. భుజం అడ్డం పెట్టి, బల్ల చాటున చిన్నచిన్నగా చేతులాడిస్తారు. మనం చెవులు కొరుక్కుంటాం, వాళ్లకా అవసరం లేదు. కాకపోతే టీ కప్పొకటి చేతికడ్డం. ఒంటి చేత్తో మాట్లాడితే నత్తి నత్తిగా ఉంటుంది. అందుకే మా బల్ల మీద టీ ఎప్పుడూ చల్లారే ఉంటుంది. సర్వరు మమ్మల్ని చూసి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు మాత్రం వాళ్లు కూడా వింటారని నా అనుమానం.

అమెరికాలో మార్తాస్ విన్యార్డ్ అనే దీవి ఉంది. అక్కడ కొన్ని వంశాల్లో తరతరాలుగా వినబడనివాళ్లు ఎక్కువ పుట్టేవారు. దాంతో వినేవాళ్లూ చిన్నప్పటినుంచే చేతిమాట నేర్చేసుకున్నారు. చేపల పడవల్లో దూరం నుంచి అదే, ఊరి కూడలిలో అదే. పక్కన బధిరులెవరూ లేకపోయినా కొన్నిసార్లు అదే వాడేవారట, సరదాకి! అక్కడ పుట్టిన ఆఖరి బధిర వ్యక్తి 1952లో పోయారు. ఇంకో వందేళ్లు ఆగి ఉంటే నేను వెళ్లి చూసొచ్చేదాన్ని.

సరే, తొమ్మిదవుతుంది. వెళ్లొస్తామంటారు. నమ్మకండి. తెలుగువాళ్ల గుమ్మం కబుర్లే పొడుగనుకున్నా ఇన్నాళ్లూ. వీళ్లు హోటలాయన లైట్లార్పితే వీధిదీపం కిందకి జరుగుతారు. మాట కనబడాలంటే వెలుగుండాలి కదా. అక్కడ మరో ముప్పావుగంట. ఆ కాస్తలోనే అసలైన సంగతులన్నీ బయటికొస్తాయి, అదేం చిత్రమో!

పోయిన వారం నా బస్సొచ్చేసింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నా. బస్సు కదిలినా మాట ఆగలేదు. సొట్టబుగ్గాయన ఫుట్‌పాత్ మీంచి చేతులాడిస్తున్నాడు, నేను అద్దంలోంచి జవాబిస్తున్నా. పక్క సీటు పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆగలేక అడిగింది. "ఏమంటున్నాడమ్మా ఆ బాబు?"

"హోటల్లో తుమ్మాక 'అమ్మయ్య' అన్నానట పిన్నిగారూ. వచ్చే ఆదివారం సమోసాలు నావేనట."