రెండు వేళ్ల ఎత్తు

పొద్దున నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకి సైకిల్ మీద బయల్దేరినా.
మిట్ట ఎక్కేసరికి మోకాళ్లు ఒకటే నొప్పి.

వెనక నుంచి ఓ పెద్దాయన. పాత నల్ల సైకిలు, రెండు పక్కలా పాల క్యాన్లు. నిదానంగా తొక్కుతానే నన్ను దాటేసి, మిట్ట పైన ఆగినాడు.

"సీటు కిందికుంది గదప్పా. బలమంతా మోకాళ్లకే పాయె."

స్పానర్ తీసి రెండు వేళ్లంత పైకి లేపినాడు. టైరు నొక్కి చూసి, "గాలి పట్టించుకో" అని ఎళ్లిపోయినాడు.

ఆ తర్వాత అదే రోడ్డు, అవే కాళ్లు. సైకిల్ మాత్రం వేరేదిలా అనిపించింది!

అప్పట్నుంచి ఇదే ఆలోచన. వేగమంటే బలం పెంచుకోవడం అనుకుంటాం. ఉన్న బలాన్ని వృథా కానీకపోవడమే సగం వేగం.

పెడల్ కిందికొచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి.
టైర్లో గాలి, చైనుకు నూనె వారానికోసారి చూసుకోవాలి.
మిట్ట రాకముందే గేరు తగ్గించాలి. బరువుగా తొక్కేకంటే తేలిగ్గా, నిమిషానికి 70-80 చుట్లు తిప్పితే మోకాళ్లకు సుఖం.
ఎదురుగాలిలో మోచేతులు వంచి కొంచెం ముందుకు ఒంగాలి. వేగం పెరిగేకొద్దీ మన బలం ఎక్కువగా తినేది గాలే.

నా కల హార్స్‌లీ హిల్స్. 1,200 మీటర్లకు పైనే ఎత్తు. ఈ చలికాలం ఎక్కాలి.

సైకిల్ మీద ఆ ఘాట్ ఎక్కినోళ్లు ఎవరన్నా ఉన్నారా? ఎట్ల ఎక్కినారో చెప్పండి.
మీకు మొదట సీటు సరిచేసి ఇచ్చిందెవరో కూడా.