రంగు ఆరేలోపు

ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని 72తో భాగిస్తే ఎంత? దాదాపు 24 మిల్లీమీటర్లు. నా సిపాయి ఎత్తు అంతే. వాడి ముఖం 3 మిల్లీమీటర్లు. అందులో రెండు కళ్ళు పెట్టాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే.

నాకీ పిచ్చి ఉందని తెలిసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "నీకు టైమెక్కడిదిరా?"

న్యాయమైన ప్రశ్నే. పొద్దున ఏడున్నరకి కాలేజీ బస్సు. సాయంత్రం ఐదున్నరకి ఇల్లు. ఆరు నుంచి ఎనిమిది దాకా టెన్త్ పిల్లలకి లెక్కల ట్యూషన్. నాన్న లారీ ఎక్కితే వారం దాకా రారు. అమ్మ మిషన్ ముందు కూర్చుంటే పండగల సీజన్లో పదకొండు దాకా లేవదు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మని లేపి నడిపించే డ్యూటీ నాది. ఆ పైన రికార్డులు, మిడ్‌లు సరేసరి.

ట్యూషన్ డబ్బులతో మొదటిసారి ఒక పెట్టె ప్లాస్టిక్ సిపాయిల్ని కొన్నాను. 1815 వాటర్లూ యుద్ధం నాటి బ్రిటిష్ సైనికులు. ఎర్ర కోటు, బూడిదరంగు ప్యాంటు, ఛాతీ మీద అడ్డంగా తెల్ల బెల్టులు. నాన్నమ్మ ఒకడిని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "దొరల్ని తరిమేసింది మళ్ళీ నువ్వు ఇంట్లోకి తేవడానికా?" అంది.

మెల్లగా ఒక సంగతి అర్థమైంది. ఈ పనిలో రంగు వేసే టైము తక్కువ, ఆరబెట్టే టైము ఎక్కువ. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోవడానికి సబ్బునీళ్ళతో కడగాలి, ఆరాలి. ప్రైమర్ కొట్టాలి, ఆరాలి. రంగు చిక్కగా ఒకేసారి పూస్తే బొత్తాలూ మడతలూ పూడిపోతాయి. అందుకే పల్చగా రెండుసార్లు, మధ్యలో మళ్ళీ ఆరాలి. సందుల్లోకి దిగేలా నీళ్ళలాంటి ముదురు గోధుమరంగు, అదీ ఆరాలి. చివర్లో బ్రష్‌ని దాదాపు పొడిగా తుడిచేసి అంచుల మీద లేత రంగు. సీసా మూతల మీద అంటించిన ఐదుగురికి ఎర్ర కోటు వేసి, వెళ్ళి అన్నం వండి వచ్చేసరికి రెండో పూతకి సిద్ధంగా ఉండేవాళ్ళు. ఆరే టైమంతా ఇంటిది. మిగిలిన పావుగంట నాది. లెక్క సరిపోయిందనుకున్నాను.

పోయిన నవంబరులో ఆ లెక్క తప్పింది. ఒకడికి ఒక కన్ను పెట్టి రెండోదానికి బ్రష్ ఎత్తాను. నాన్నమ్మ పిలిచింది. "రెండు నిమిషాలు నాన్నమ్మా" అన్నాను. ఆమె ఒకటిన్నర నిమిషం ఆగిందేమో. తర్వాత తనే లేచింది.

ఎడమ మణికట్టు విరిగింది. అమ్మ నన్ను తిట్టలేదు. డాక్టరు అడిగితే "జారిపడిందండీ" అని మాత్రం చెప్పింది. పక్కనే నిలబడిన నా చేతికి ఇంకా తెల్లరంగు ఉంది.

పెట్టె అటక మీదికెళ్ళింది. ఆరు వారాలూ నాన్నమ్మకి నేనే అన్నం కలిపిపెట్టి, జడ వేశాను. మొదట్లో పరమ దరిద్రంగా వేసేవాడిని. ఓ రోజు తనే అడిగింది, "ఏరా, నీ సిపాయిలకి సెలవిచ్చేశావా?" అని.

"వద్దులే నాన్నమ్మా."

"నా కట్టు విప్పేలోపు వాళ్ళని దించకపోతే నీతో మాట్లాడను. నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుంటేనే ఇంట్లో ఉన్నట్టుంటావు. లేకపోతే ఫోనులో ఉంటావు."

దించాను. బల్లని మాత్రం ఆమె మంచం పక్కకి మార్చాను. ఆమె మెలకువగా ఉన్నప్పుడు కోట్లు, ప్యాంట్లు, బూట్లు, అంటే ఎక్కడ ఆపినా పాడవని పనులు. నిద్రపోయాకే ముఖాలు. పిలిస్తే ముందు బ్రష్ నీళ్ళలో పడుతుంది, తర్వాతే నోరు తెరుస్తాను. ఆ నీళ్ళలో మొనలు వంగిపోయి ఇప్పటికి మూడు బ్రష్‌లు పోయాయి. పోనీ.

ఇరవైమందిలో పదకొండుమంది పూర్తయ్యారు. ఆ రోజు ఆగిపోయినవాడికి ఇంకా ఒకటే కన్ను. నాన్నమ్మ అప్పుడప్పుడూ వాడిని చేతిలోకి తీసుకుని, "వీడికి రెండోది ఎప్పుడు పెడతావురా?" అంటుంది.

"నువ్వు నిద్రపోయాక" అంటాను. ఆమెకి ఈ మధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వాడు ఆగుతాడు.