తప్పొప్పుల పట్టిక

ఒక్క అచ్చుతప్పు కూడా లేని పుస్తకాన్ని మీరెప్పుడైనా చూశారా? చూశామంటారా? అయితే దాన్ని సరిగా చదవలేదన్నమాట! ఈ మాట అంటున్నది 28 ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుకుని బతుకుతున్న మనిషి.

మా వృత్తికి ఒక తెగులుంది. చేతికి సెలవిచ్చినా కంటికి సెలవుండదు. బస్సెక్కితే దుకాణాల బోర్డులు దిద్దుతుంది. శుభలేఖ అందుకుంటే వధూవరుల పేర్లకన్నా ముందు 'ఆహ్వానం'లో దీర్ఘం ఉందో లేదో చూస్తుంది. ఇక రాత్రి దీపం ఆర్పాక మొదలవుతుంది అసలు పని. 16వ పేజీలో 'విద్యార్థి'కి థ పడిందా, ధ పడిందా? వెనుకటి రోజుల్లో తెల్లవారేదాకా గతి లేదు గనుక ఎప్పటికో నిద్ర పట్టేది. ఇప్పుడు పేజీలు ఫోనులోకే వస్తున్నాయి. అర్ధరాత్రి లేచి చూసుకునే మహాభాగ్యం కూడా కలిగింది!

"ఆ అక్షరం ఎక్కడికీ పారిపోదు, పడుకోండి" అంటుంది మా ఆవిడ.

ఆమె మాటకు ఈ మధ్య శాస్త్రం బలం కూడా దొరికింది. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంవారు 57 మంది యువతీయువకులతో ఒక పరీక్ష చేసి, 2018లో ఫలితం ప్రకటించారు. పడుకోబోయే ముందు 5 నిమిషాలు కొందరు చెయ్యవలసిన పనుల జాబితా రాశారు. మిగతావారు చేసేసిన పనులు రాశారు. చెయ్యవలసినవి రాసినవారికి సగటున 9 నిమిషాలు ముందుగా నిద్ర పట్టిందట. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగానట! కాగితం మీద పెట్టిన బరువును మనసు మొయ్యనక్కరలేదు కాబోలు.

నేనిప్పుడు ఆ పని ఆఫీసులోనే ముగిస్తున్నాను. బల్ల సర్దేముందు చిన్న పుస్తకంలో "రేపు: 16వ పేజీ, విద్యార్థి" అని రాసి, సొరుగులో పెట్టి తాళం వేస్తాను. నా అనుమానం ఆ రాత్రికి అక్కడే పడుకుంటుంది.

పని ఎలాగోలా కానిచ్చెయ్యమని కాదు సుమండీ. మందు మోతాదు అంకె అయితే నాలుగుసార్లు చూడవలసిందే. కాని ఆ చూపు ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

మొన్న నా పుట్టినరోజుకు రెండో తరగతి చదువుతున్న మనవరాలు రంగు పెన్సిళ్ళతో ఒక కార్డు చేసి తెచ్చింది. "తతయ్యకు" అని రాసింది. నా కన్ను మొదట పడింది ఆ లేని దీర్ఘం మీదనే. చెయ్యి జేబులో కలాన్ని తడిమింది. ఇంతలో తలెత్తి చూద్దును గదా, పిల్ల ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తోంది. కలం బయటికి తియ్యలేదు. దీర్ఘం ఎప్పుడైనా నేర్పవచ్చు. ఆ మొహం మళ్ళీ దొరకదు.

మన పాత పుస్తకాల్లో 'తప్పొప్పుల పట్టిక' అని ఒక పేజీ ఉండేది. దొర్లినవేవో ఒప్పుకుని, అచ్చు వేసి, పుస్తకాన్ని పాఠకుల చేతిలో పెట్టేవారు. తప్పుకు భయపడి పుస్తకాన్నే ఆపుకుని కూర్చోలేదు వాళ్ళు.

ఈ వ్యాసంలోనూ ఏదో ఒకటి దొర్లే ఉంటుంది. మీ కంటబడితే ఒక కార్డు ముక్క రాయండి. పొద్దున్న ఆఫీసుకు వెళ్ళాక చూసుకుంటాను.